తిరగలిలో తల ఎటు

నమోదు 1

ఇవాళ కూడా దీపాలు వెలగగానే తిరగలి మొత్తం మూలిగింది. ముందు పక్కింటి గోడలోంచి "అయ్యో నా నడుమూ!" అని, ఆ తర్వాత మలుపు అవతలి నుంచి ఎవరిదో "అమ్మా!" అని, చివరికి మా గదిలోనే అత్తయ్య "ఓరి దేవుడోయ్!" అని. మూడేళ్ళుగా నాకు వేరే అలారం అక్కర్లేదు. మా అత్తగారి నడుమే నన్ను నిద్ర లేపుతోంది.

నా పేరు వకుళ. తిరగలిలో వెన్ను మీద పరిశోధన చేసేది నేనొక్కదాన్నే. రోజూ నమోదు రాయాలని సభవారి ఆజ్ఞ. నేను రోజూ రాయను. ఏదైనా జరిగిన రోజున రాస్తాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి రాసుకోవచ్చు.

ఇవాళ జరిగింది. పరుపులు చుట్టి గోడకి కట్టేశాను. ఉల్లి మడులకి నీళ్ళు పెట్టి, గాలి జల్లెడలు దులిపి వచ్చేసరికి అత్తయ్య మరకతమ్మ గోడకి ఆనుకుని కూర్చుని కనకాంబరాల దండ కడుతోంది. ఇంతలో గోడలోని స్పీకరు గరగరలాడింది. మా సభ కార్యదర్శి ఇందీవర గొంతు. నిచ్చెన పరీక్షలో రెండుసార్లూ తప్పినవాళ్ళ పేర్లు చదువుతానంది. మొత్తం పద్నాలుగు పేర్లు. ఆరో పేరు "కె. మరకతమ్మ".

నిచ్చెన పరీక్ష అంటే ఉత్తుత్తి పరీక్ష కాదు. భూమికి దూరంగా గిర్రున తిరిగే చక్రం మా ఊరు, అందుకే దాని పేరు తిరగలి. అంచున మేముంటాం, నడుమ ఇరుసు. చక్రం తిరుగుతోంది గనకే మా కాళ్ళు నేలకి ఆనుతున్నాయి, అదీ భూమి మీద బరువులో సగంతో. ఎక్కడైనా చిల్లు పడి గాలి కారిపోతే ప్రతివాళ్ళూ వీపున నీళ్ళ డబ్బా కట్టుకుని నిచ్చెనెక్కి ఇరుసులోకి చేరాలి. ఎక్కలేనివాళ్ళని మోసుకెళ్ళేంత మంది మనుషులు మా దగ్గర లేరు. అందుకని రెండుసార్లు తప్పినవాళ్ళు మూడోసారి కూడా తప్పితే, వచ్చే ఓడలో భూమికి పంపేస్తారు. ఆ ఓడ రావడానికి ఇంకా మూడు నెలలుంది.

అత్తయ్య ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ ఎముకల మీద మళ్ళీ నిండు బరువు పడితే మంచం మీంచి లేవలేదని వైద్యులు ఎప్పుడో చెప్పారు. అంటే ఇది ఊరికి పంపడం కాదు, జీవితాంతం పడుకోబెట్టడం. మా ఆయన మంచు తెచ్చే ఓడ మీద వెళ్తూ "అమ్మని చూసుకో" అన్న ఒక్క మాటా గుర్తొచ్చింది.

"పోతే పోతానే. అక్కడ చింతపండన్నా బాగుంటుంది" అంది అత్తయ్య, దారానికి ముడి వేస్తూ.

"నోర్మూసుకోండి అత్తయ్యా" అన్నాను. మా ఇద్దరి మధ్య ఇది మామూలు మర్యాదే. కానీ ఈసారి ఆవిడ తిరిగి తిట్టకుండా, వేసిన ముడినే మళ్ళీ వేసింది. నాకు భయం వేసింది అందుకే.

నమోదు 2

నాయకులు మావయ్యని వెంటబెట్టుకుని ఇందీవర దగ్గరికి వెళ్ళాను. రంగనాయకులు మా చుట్టమేం కాదు, తిరగలిలో అందరికీ మావయ్యే. భూమి మీద కైరోప్రాక్టిక్ చదువుకుని వచ్చిన మనిషి. చేతులతో వెన్నుపూసలు సర్దుతాడు. ఆయన గదిని సర్దుడు గది అంటారు. డెబ్బై దాటినా ఆయన వేళ్ళు కొడవళ్ళ పిడుల్లా గట్టిగా ఉంటాయి.

"వెన్ను సర్దితే నడుమొక్కటే కాదమ్మా, నిద్ర, ఆకలి, కోపం, అన్నీ దార్లోకొస్తాయి" అన్నాడాయన ఇందీవరతో.

"కోపం కూడానా?" అన్నాను, ఉండబట్టలేక.

"ముందు నీకే చేస్తా రా అమ్మాయ్."

ఇందీవర నవ్వలేదు. నవ్వే మనిషి కాదు, అలాగని చెడ్డదీ కాదు. పోయినసారి గాలి కారినప్పుడు కన్నతండ్రిని పోగొట్టుకుంది. నిచ్చెన నియమం పెట్టింది ఆవిడే.

"వకుళ గారూ, సర్దించుకున్నవాళ్ళు బాగుందంటారు, నాకు తెలుసు. బాగుందనుకోవడం వేరు, నిచ్చెనెక్కడం వేరు. పరీక్ష పెట్టి చూపించండి. జనం బాగుపడతారని తేలితే ఆ పద్నాలుగు మందికీ వైద్యం చేయించి, ఆ తర్వాతే నిచ్చెన పరీక్ష పెడతాను. తేలకపోతే వైద్యం లేకుండానే పరీక్ష, తప్పినవాళ్ళు ఓడ ఎక్కాల్సిందే" అంది.

"తేలుతుంది మేడమ్" అన్నాడు నాయకులు మావయ్య, మీసం దువ్వుకుంటూ. నా బదులు కూడా ఆయనే చెప్పేశాడు.

నమోదు 3

మూడు జట్లు. ఒక్కో జట్టుకి నడుం నొప్పివాళ్ళు పన్నెండు మంది. ఎవరెందులోకి వస్తారన్నది చీటీలు తీసి తేల్చాం. మొదటి జట్టుకి మావయ్య నిజంగా వెన్ను సర్దుతాడు. రెండో జట్టుకి సర్దినట్టు నటిస్తాడు, అంటే చెయ్యి వేస్తాడు గానీ నొక్కడు. ఏది నిజమో ఏది నటనో పడుకున్నవాళ్ళకి తెలియదు. మూడో జట్టుకి ఏమీ లేదు.

నటించడం మావయ్యకి చచ్చేంత కష్టంగా ఉంది. "ఇక్కడ పూస ఇంతలా బిగుసుకుపోయి ఉంటే వేలు పెట్టి వదిలెయ్యమంటావేంటమ్మాయ్! ఇది పాపం!" అని నా చెవిలో పోరు. వదిలెయ్యమన్నాను. ఒకసారి ఆయన చెయ్యి తనంతట తానే నొక్కబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపాను. తేడా తెలిసిపోకుండా రెండు జట్ల దగ్గరా ఒకే కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం విని విని నాకు కలలో కూడా అదే వినిపిస్తోంది.

నిద్రా శ్వాసా కొలవాలి గనక మొదటి రెండు జట్లనీ నెల్లాళ్ళు సర్దుడు గది పక్కనున్న పాత విత్తనాల గదిలో పడుకోమన్నాను. ఛాతీకి కొలత పట్టీ కట్టుకుని పడుకుంటారు. ఆ గది సందులా ఇరుకు, ఓడల రేవు వైపు నుంచి తోట వైపుకి పొడుగ్గా ఉంటుంది. పరుపులు అలా పొడుగ్గా వేస్తేనే పడతాయి. మూడో జట్టుకి చోటు చాలక ఇళ్ళలోనే పడుకోమన్నాను.

అత్తయ్యకి మొదటి జట్టు చీటీ వచ్చింది. నేను లోలోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం పరిశోధకురాలిలా మొహం పెట్టాను.

"విత్తనాల గదిలోనా? అక్కడ అడ్డదిడ్డంగా పడుకోవాలిటగా" అని గొణిగింది ఆవిడ.

"పరుపు పడిన చోట పడుకోండి అత్తయ్యా. మీ ప్రాణం కోసమే ఇదంతా."

"సర్లే, అరవకు."

నమోదు 4

నెల గడిచింది. మొదటి జట్టు బాగుపడింది. నిద్ర పెరిగింది, ఆకలి పెరిగింది, విసుగు తగ్గింది. వంటశాలలో దెబ్బలాటలు తగ్గాయని వడ్డించేవాళ్ళే వచ్చి చెప్పారు. మావయ్య ఛాతీ ఉబ్బిపోయింది.

తర్వాత రెండో జట్టు లెక్క తీశాను. వాళ్ళూ అంతే బాగుపడ్డారు. ఏమాత్రం తేడా లేదు. మూడో జట్టు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు.

"అంటే... నేను నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటేనా?" అన్నాడు మావయ్య. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు, కాసేపటికి చేతులు రెండూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కానీ లెక్క లెక్కే.

ఇందీవర అంతా చదివింది. "మనసుకి ధైర్యం వచ్చి బాగుపడ్డారన్నమాట. నమ్మకం మంచిదే. కానీ గాలి కారిన రోజున నమ్మకం నిచ్చెన ఎక్కించదు వకుళ గారూ. ఓడ ఏర్పాట్లు చేయిస్తాను" అంది.

బయటికొచ్చాక నా తిక్క రేగింది. నమ్మకమేనా? నమ్మకమే అయితే అందరికంటే ఎక్కువ బాగుపడాల్సింది మా అత్తగారు. నాయకులు అన్నయ్యగారి చెయ్యి దేవుడి చెయ్యి అని ముప్పై ఏళ్ళుగా ఊరంతా చాటుతోంది. నిజమైన వైద్యం అందుకున్న జట్టులో ఉంది. అయినా మొదటి రెండు జట్లలోనూ ఆవిడొక్కతే రవ్వంత కూడా మారలేదు.

ఇరవై నలుగురిలో ఒక్కరు. దాన్ని వదిలేసి మిగతావాళ్ళ సంగతి చూడమని నా చదువు చెప్తోంది. ఆ ఒక్కరూ మా అత్తగారు కాకపోతే వదిలేసేదాన్నేమో. నెల అయిపోయినా జట్లని విత్తనాల గదిలోనే ఉంచాను.

నమోదు 5

పొద్దున దీపాలు వెలగక ముందే విత్తనాల గదికి వెళ్ళాను. తలుపు బయట నడవలో కాలికేదో మెత్తగా తగిలింది. చూస్తే అత్తయ్య. పరుపు లోపలి నుంచి లాక్కొచ్చుకుని, నడవలో తూర్పుకి తలపెట్టి, ఛాతీకి పట్టీతో సహా హాయిగా గురకపెడుతోంది.

"అత్తయ్యా! ఏంటిది?"

ఉలిక్కిపడి లేచింది. లేస్తూనే "ఓరి దేవుడోయ్!" అంది. ఆ తర్వాత దొంగలా దొరికిపోయిన మొహం పెట్టింది.

"రోజూ ఇక్కడే పడుకుంటున్నారా?"

"అందరూ నిద్రపోయాక... ఏం చెయ్యనే? అక్కడ తల అడ్డంగా పెట్టాలి. మీ మావగారు ఇచ్చిన మాట ఉంది కదా."

ఆ మాట సంగతి ఇక్కడ రాయాలి, తర్వాత తరాల వాళ్ళు నవ్వుకోవడానికైనా పనికొస్తుంది. ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదని మా పెద్దవాళ్ళు భూమి మీంచి తెచ్చుకున్న పట్టింపు. చక్రం తిరిగే వైపుని తూర్పన్నారు, దానికి అందరూ ఒప్పుకున్నారు. మరి ఉత్తరమేది? పట్టీలా గుండ్రంగా ఉన్న మా ఊరికి ఒక అంచున ఓడల రేవు, ఇంకో అంచున తోట. రేవే ఉత్తరమని మా మావగారు పురుషోత్తం, కాదు తోటే ఉత్తరమని నాయకులు మావయ్య. ఊరు రెండుగా చీలిపోయింది. ఒకరి కుళాయి ఇంకొకరు కట్టేసేదాకా వెళ్ళింది. చివరికి ఇద్దరూ అందరి ముందూ చేతిలో చెయ్యి వేసుకుని మాటిచ్చుకున్నారు. ఇక ఉత్తరం ఊసెత్తేది లేదు, ఊళ్ళో ప్రతి తలా తూర్పుకే.

"ఆయన పోయారు, ఆయన మాట నేను పోగొట్టనా?" అంది అత్తయ్య. కళ్ళనిండా నీళ్ళు. "మిగతావాళ్ళు నెల్లాళ్ళకేం కాదులే అని పడుకుంటే పడుకోనీ. నేను పడుకోను."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే ఆ నడవలో ఆవిడ పరుపు మీంచి చూపు అలా ముందుకి పోయింది. నడవ నేల ఎప్పటిలాగే దూరంగా పైకి వంపు తిరిగి లేస్తోంది. చక్రం కదా, తూర్పుకి నేల వంకరే. నేను ఇక్కడే పుట్టాను, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న వంపే.

"అత్తయ్యా, మీ దండ దారం ఇవ్వండి."

"ఇప్పుడా?"

"ఇవ్వండి ముందు!"

పరుపు తీసేసి దారం ఒక కొస తల పెట్టుకునే చోట నేలకి ఆనించమన్నాను. రెండో కొస కాళ్ళ దగ్గర నేను పట్టుకుని బిగించాను. దారం తిన్నగా ఉంది, నేల తిన్నగా లేదు. నడుము ఆనే చోట దారం కింద నా చిటికెన వేలు సునాయాసంగా దూరింది. అదే దారాన్ని విత్తనాల గదిలో, రేవు నుంచి తోటకి పొడుగ్గా పట్టి చూశాను. నేలకి అతుక్కుపోయింది. వేలు కాదు, గోరు కూడా దూరలేదు.

భూమి నుంచి తెచ్చిన దూది పరుపులు ఉన్నన్నాళ్ళూ ఆ వంపుని దూది మింగేసింది. అవి చిరిగిపోయి, మూడేళ్ళ క్రితం నారతో చేసిన పలచ పరుపులు వచ్చాయి. అప్పటి నుంచి ఊరు ఊరంతా రాత్రంతా గిన్నెలో పడుకున్నట్టు నడుము వంచుకుని పడుకుంటోంది. పొద్దున్నే మూలుగుతోంది.

"అత్తయ్యా, మీరు మాట నిలబెట్టుకోకపోయి ఉంటే నాకు ఈ జన్మకి తెలిసేది కాదు!" అని ఆవిడ రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను.

"ఛీ, పాచి మొహంతో!" అంది. కానీ తుడుచుకోలేదు.

నమోదు 6

ఇందీవర ఆఫీసులో దారం పట్టి చూపించాను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని తన చిటికెన వేలు తనే పెట్టి చూసింది. లేచేటప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుంది. ఆవిడ కూడా మూలుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

"అయితే పరుపులు తిప్పించండి. దాందేముంది" అంది.

ఏముందో సాయంత్రం సభలో తెలిసింది. పరుపు అటు తిప్పితే తల రేవు వైపో తోట వైపో పెట్టాలి. ఏ వైపు పెట్టినా ఉత్తరం పేరెత్తినట్టే. ముప్పై ఏళ్ళుగా పడుకున్న దెబ్బలాట ఒక్కసారి లేచి కూర్చుంది.

"తోటకి తల పెట్టమంటే మేం చచ్చినా పెట్టం!" అని ఒక పక్క.

"రేవుకి పెట్టమంటే మేమూ పెట్టం!" అని ఇంకో పక్క.

"మా వాళ్ళు ఒక వైపు, మీ వాళ్ళు ఒక వైపు పెట్టుకుందాం" అని ఎవరో తెలివిగా అన్నారు. అప్పుడు ఏ ఇంట్లో ఎవరి తల ఎటుందో చూసి మళ్ళీ కుళాయిలు కట్టేసుకుంటారు. పాత చీరలు మడిచి నడుము కింద పెట్టుకుంటే చాలదా అన్నారు ఇంకొకరు. అదీ చేయించి చూశాం. సగం బరువు ఒళ్ళు దొర్లుతూనే ఉంటుంది, పొద్దుటికి మడత గోడ దగ్గర తేలుతుంది.

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. దారం చూపించాను. దారం నిజమే అన్నారందరూ, పరుపులు మాత్రం తిప్పేది లేదన్నారు. ఓడ రావడానికి నెలన్నర కూడా లేదు. ఇంటికొచ్చి వంటపాత్రలన్నీ ధనాధనా కడిగాను. కడగాల్సినవి కానివి కూడా కడిగాను.

"వాటినేం కొడతావే" అంది అత్తయ్య. నా చేతిలోంచి గిన్నె తీసుకుని బోర్లించింది. తర్వాత, "నాయకులు అన్నయ్యగారిని ఒకసారి రమ్మను" అంది.

నమోదు 7

ఇవాళ పొద్దున సభ మంటపంలో జరిగింది ఒక్క ముక్క వదలకుండా రాస్తాను.

అత్తయ్య, నాయకులు మావయ్య చెరో పరుపూ చంకన పెట్టుకుని వచ్చారు. జనం గుమిగూడారు. అత్తయ్య పరుపు రేవు నుంచి తోటకి పొడుగ్గా పరిచి, దాని పక్కనే నిలబడింది.

"మా ఆయన లెక్కలో ఉత్తరమంటే రేవు. అవునా?" అని అడిగింది.

"అవును" అన్నారు రేవు వైపు వాళ్ళు.

"చూడండి మరి" అని, తల రేవుకే పెట్టి పడుకుంది. తన భర్త లెక్క ప్రకారం సరిగ్గా పెట్టకూడని వైపే.

మంటపంలో వెనకున్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. మావయ్య తన పరుపు పక్కనే పరిచాడు. "నా లెక్కలో ఉత్తరమంటే తోట. నేను తోటకే పెడుతున్నాను" అని పడుకున్నాడు. ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్ళు.

"వదినా, మీ మాట పోయింది కదా!" అని ఏడుపు గొంతుతో అందొకావిడ.

అత్తయ్య పడుకునే సమాధానం చెప్పింది. "ఆయన మాట ఇచ్చింది ఎందుకే? ఊరు కలిసుండాలని. తూర్పు మీద ప్రేమతో కాదు. చేతిలో చెయ్యి వేసిన అన్నయ్యగారు నా పక్కనే ఉన్నారు, మా ఆయన వైపు నుంచి నేనున్నాను. ఇద్దరం కలిసే ఆ మాట తీసేస్తున్నాం. కీడంటూ వస్తే ముందు మా ఇద్దరికే రానీ. అప్పుడు మీ ఇష్టం."

"నాకేమన్నా అయితే ఉల్లిపాయలు మానేసి పదిమందికీ పాయసం పెట్టండి" అన్నాడు మావయ్య, పైకప్పుకేసి చూస్తూ.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు మంటపమంతా పాకింది. ఇందీవర మాత్రం నవ్వలేదు, కానీ ఆఫీసులోకి వెళ్ళి తన పరుపు పట్టుకొచ్చింది. అత్తయ్య పక్కనే పరిచి, తల ఎటు పెడుతోందో కూడా చూసుకోకుండానే పడుకుంది. మా అత్తగారి గురించి నేను ఎన్నో మాటలన్నాను, ఇంకా అంటాను. ఇవాళ మాత్రం ఆవిడ కోడలినని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది.

నమోదు 8

వారం తిరిగేసరికి ఊళ్ళో పరుపులన్నీ తిరిగాయి. తలలు మాత్రం చెరో వైపు. ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు, ఎందుకంటే పెద్దవాళ్ళిద్దరూ తప్పు వైపే పెట్టుకుని దర్జాగా తిరుగుతున్నారు.

ఇక మావయ్య సంగతి. ఆయన చేతులు చంకల్లోంచి బయటికి తియ్యకుండా నాకు నిద్ర పట్టేలా లేదు. అందరూ సరిగ్గా పడుకుంటున్నారు గనక మళ్ళీ చీటీలు తీసి, కొత్తగా రెండు జట్లు కట్టాను. ఒకరికి నిజం, ఇంకొకరికి నటన. రెండు వారాల పాటు మళ్ళీ అదే కూనిరాగం.

ఈసారి తేడా తేలింది. నిజంగా సర్దించుకున్నవాళ్ళకి నడుం నొప్పి తొందరగా తగ్గింది, మెడ బాగా తిరిగింది, వంగడం తేలికైంది. నిద్ర, ఆకలి, విసుగు మాత్రం రెండు జట్లకీ ఒకేలా ఉన్నాయి. అవి పడక తెచ్చిన సుఖాలు. ముందుసారి పడక మారిన సుఖమే అన్నిటినీ కప్పేయడంతో చేతుల పని కనపడకుండా పోయింది.

చిన్న పరీక్షే, పెద్ద మాటలు చెప్పడానికి చాలదు. అదే ఆయనకీ చెప్పాను. "మావయ్యా, మీ చేతుల్లో నడుముంది, మెడుంది. కోపం మీ చేతుల్లో లేదు."

"నడుమిచ్చావు, చాలమ్మాయ్!" అన్నాడు. చేతులు రెండూ ముందుకి చాపి, వేళ్ళు విరుచుకుని, "ఆ పద్నాలుగు మందినీ పంపు. ఈ క్షణం నుంచి నటన బంద్!" అని అరిచాడు. వెయిటింగు గదిలో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళకి ఏం జరిగిందో కూడా తెలియదు, ఆయన సంతోషం చూసి కొట్టారంతే.

నమోదు 9

ఓడ వచ్చి రేవులో ఆగింది. ఇవాళ పరీక్ష.

మా నిచ్చెనలో కష్టమంతా కింది మెట్ల దగ్గరే. ఇరుసు వైపు పైకి వెళ్ళే కొద్దీ ఒళ్ళు తేలికవుతుంది. సగంలో అరుగు, ఆ అరుగు మీద గంట. గంట కొడితే గెలిచినట్టు. అత్తయ్య పోయినసారి మూడో మెట్టు మీద నడుం పట్టేసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని దిగిపోయింది.

వీపుకి నీళ్ళ డబ్బా నేనే కట్టాను. "బిగించకే, ఊపిరాడటం లేదు" అంది. "వదులుగా కడితే జారిపోతుంది" అన్నాను.

మొదటి మెట్టు. రెండో మెట్టు. మూడో మెట్టు మీద ఆగింది. కింద నిలబడ్డ నేనూ, మావయ్యా, ఇందీవరా ముగ్గురం ఒక అడుగు ముందుకి వేశాం. ఇందీవర పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో మరి.

"ఏంటత్తయ్యా? నొప్పా?" అని అరిచాను.

"కాదే! చీర కుచ్చిళ్ళు అడ్డమొచ్చాయి!" అని పైనుంచి కేక. కుచ్చిళ్ళు దోపుకుని నాలుగో మెట్టు ఎక్కింది. ఐదు ఎక్కింది. ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు, కళ్ళు మసకబారి ఏం కనపడలేదు. మావయ్య పక్కన నిలబడి, కూనిరాగం కాదు, గొంతెత్తి పాట అందుకున్నాడు.

గంట మోగింది. ఒక్కసారి కొడితే చాలు. మా అత్తగారు ఆపకుండా కొట్టింది. ఊరంతా నిచ్చెన కిందికి పరుగెత్తుకొచ్చింది. గాలి కారిందేమోనని కొందరు నీళ్ళ డబ్బాలు కూడా కట్టుకొచ్చారు.

పద్నాలుగు మందిలో పన్నెండు మంది గంట కొట్టారు. ఇద్దరు కింది మెట్ల దగ్గరే ఆగిపోయారు. ఇందీవర వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "వచ్చే ఓడ దాకా గడువిస్తున్నాను. ఈలోపు సర్దుడు గది మానొద్దు" అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వింది. నేను నా కళ్ళారా చూశాను, అందుకే ఇక్కడ నమోదు చేస్తున్నాను. మా వాళ్ళ కోసం ఖాళీ చేసిన పద్నాలుగు సీట్లలో ఉల్లిపాయల బస్తాలు కట్టి ఓడని భూమికి పంపేశాం.

నమోదు 10

ఇవాళ నేను ఆలస్యంగా లేచాను. దీపాలు ఎప్పుడో పూర్తిగా వెలిగి ఉన్నాయి. ఉల్లి మడులు ఎండిపోయాయేమోనని ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. అత్తయ్య అప్పుడే ఒళ్ళు విరుచుకుంటూ తన పరుపు మీద లేచి కూర్చుంది. ఆవిడా ఆలస్యమే.

గోడ అవతల చప్పుడు లేదు. మలుపు దగ్గర చప్పుడు లేదు. ఊళ్ళో ఒక్క "అమ్మా" లేదు, ఒక్క "అయ్యో" లేదు.

"అత్తయ్యా, ఇవాళ మూలగలేదేంటి?"

ఆవిడ నడుం మీద చెయ్యి వేసి చూసుకుంది. "మర్చిపోయానే" అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, కడుపుబ్బా నవ్వుకున్నాం. అంతలో స్పీకరు గరగరలాడింది. ఇందీవర గొంతు నిద్రమత్తుగా ఉంది. ఇవాళ వంటశాల, జల్లెడలు, మడులు, ఆఫీసు, ఎక్కడా వేళకి పని మొదలవలేదనీ, ఆఫీసు సంగతికి తనే బాధ్యురాలిననీ చెప్పింది. మూలుగుల మీద ఆధారపడి నడుస్తున్న ఊరు ఇక అలా నడవదు గనక, రేపటి నుంచి దీపాలతో పాటు నిచ్చెన అరుగు మీది గంట కూడా కొట్టాలంది. కొట్టడానికి ఎవరైనా ముందుకు రావాలని అడిగింది.

నేను ఇంకా పరుపు చుట్టనే లేదు. అత్తయ్య లేచి నిలబడి, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది.

"ఆ అమ్మాయికి చెప్పవే వకుళా. ఇంకెవర్నీ అడగొద్దను. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి ఆ గంట నేను కొడతా."